సగం వల

దోహా, ఖతర్
6 జూన్ 1980, శుక్రవారం

పెద్దవాడివైన బావ రాజన్నకు,

బావమరిది జలంధర్ రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నాడు. నువ్వు, అక్క సాయవ్వ, నా ఇంటిది గంగాబాయి బాగున్నారని, కొత్త కాలనీ బోరింగులో నీళ్లు ఆగకుండా వస్తున్నాయని అనుకుంటున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది.

నీ ఉత్తరం అందింది. నా ఉత్తరాన్ని అరుగు మీద కూర్చుని చదువుతుంటే వాడకట్టంతా వచ్చి వింటున్నదని రాశావు. అందరికీ దండాలు చెప్పు. నేను ఉన్నది దుబాయ్ కాదు, ఖతర్ అని కూడా ఇంకోసారి చెప్పు. చెప్పినా లాభం లేదని తెలుసు. నర్సవ్వ పెద్దమ్మ తన కొడుకు దుబాయ్‌ల పొద్దుగాల ఏం తింటున్నడో జర చూసి రాయుమని అడిగించింది. వాడిని చూడాలంటే నేను విమానం ఎక్కాలి.

ఎండ గురించి రాయను. రాస్తే నమ్మరు. పగటిపూట నల్లా తిప్పితే చాయ్ పెట్టుకునేంత వేడి నీళ్లు వస్తాయి. అవి కూడా సముద్రం నీళ్లు కాచి పట్టినవే. ఈ దేశంలో వాగు లేదు, చెరువు లేదు. అటువంటి చోట ఈ ఎండాకాలమంతా నేను చెరువుల మాటలే వింటున్నాను. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను.

మా సాబు కెనడా దేశం మనిషని ఇంతకుముందు రాశాను. నూనె బావుల దగ్గర పెద్ద ఇంజనీరు. అల్ ముంతజాలో కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటాడు. వంట, ఇల్లు నేను చూసుకుంటాను. డ్యూక్ అని ఒక కుక్క ఉంది. దానికీ నేనే వండుతాను. ఇన్నాళ్లూ సాబుతో నాకు తిండి మాటలే తప్ప వేరే మాటలు లేవు. మొన్న ఒక సాయంత్రం ఆయన బల్ల మీద పెద్ద పటం పరిచి కూర్చున్నాడు. చాయ్ పెట్టబోతూ చూశాను. ఆ కాగితం మీద నేల కంటే నీళ్లే ఎక్కువ ఉన్నాయి. ఇవన్నీ ఏంది సాబ్ అని అడిగాను. చెరువులు అన్నాడు. వాళ్ల దేశంలో ఉత్తరం దిక్కు, గుట్టల నడుమ, మనిషి అలికిడి లేని చోట్ల ఉన్నాయట. ఈసారి చలి మొదలయ్యే ముందు, మన దసరా దాటినాకే తిరిగి వచ్చేట్టు, అక్కడికి చేపలు పట్టడానికి పోతున్నాడు. చిన్నప్పటి దోస్తు ఒకడున్నాడు. ఇద్దరూ ఒకే పడవలో, ఒకడు ముందు, ఒకడు వెనక. ఇంకెవరినీ ఎక్కించుకోరట. వాళ్లిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటే ఆ ఇంట్లో నవ్వు వినిపిస్తుంది, లేకపోతే లేదు.

వాళ్లు పట్టేది బాస్ అనే చేప. అందులో రెండు రకాలట, వీళ్లకు కావలసింది చిన్న నోటిది. నీళ్లు చల్లబడగానే అది చలికాలానికి సరిపడా తినాలని ఆత్రపడుతుంది, రాళ్లున్న లోతులు చూసుకుంటుంది, అప్పుడు గాలానికి పడుతుంది. మన వాలుగ కూడా నీళ్లల మునిగిన గోడ మూలలు చూసుకుంటది సాబ్ అన్నాను. నీకెట్ల తెలుసు అన్నాడు. మా కులం పని అదే అని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను కొత్తగా చూశాడు. రెండేండ్ల నుంచి నా చేతి అన్నం తింటున్న మనిషి.

ఒక సంగతి చెబితే మీరు నవ్వుతారు. వాళ్లు చేపను పట్టి, బరువు తూచుకుని, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. మరి పట్టుడు దేనికి సాబ్ అని అడిగాను. అది అక్కడ ఉందని తెలిస్తే చాలు అన్నాడు. మన వాడకట్టు గంగన్నకు ఈ మాట చెప్పు. ఆ దొరకు పిచ్చి లేసిందా అంటాడు. లేకపోతే, ఇడిసెటప్పుడు నన్ను పిలుమను, కింద నేను పట్టుకుంట అంటాడు.

సాబు దగ్గర చేతి జల్లి ఒకటి ఉంది. గాలానికి పడ్డ చేపను కింద నుంచి ఎత్తుకునే గుండ్రటి వల. ఇక్కడి ఉప్పు గాలికి నూలు చీకిపోయింది. సముద్రం ఒడ్డున పడవల వాళ్ల దగ్గర నైలాన్ తాడు తెచ్చి కొత్తగా అల్లుతున్నాను. వల సూది దొరకలేదు. కర్ర స్కేలు చెక్కి చేసుకున్నాను. వేళ్లు మర్చిపోలేదు బావా. ఆయన బల్ల మీద పటం చూసుకుంటాడు, నేను గడప దగ్గర కూర్చుని వల కన్నులు అల్లుతాను. డ్యూక్ ఇద్దరి నడుమ పడుకుంటుంది. అట్లా కూర్చున్నప్పుడే ఒకరోజు ఆయన, నేను పోయినప్పుడు నువ్వు కూడా మీ ఊరికి పో, ఖాళీ ఇంట్లో నీకేం పని అన్నాడు. నేను అడగలేదు. ఆయనే అన్నాడు.

ఈ మాట హుస్సేన్‌కు చెప్పాను. హుస్సేన్ మా కంపెనీ డ్రైవర్, మన బోధన్ మనిషి. శుక్రవారం ముషైరిబ్‌లో చాయ్ దగ్గర కలుస్తాం. మాట గాదు భై, సంతకం అడుగు అన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంటుంది. సాబు కాగితం మీద సంతకం పెడితేనే అది చేతికి వస్తుంది, దేశం దాటనిస్తారు. నిజమే. కానీ సంతోషంగా ఉన్న మనిషి ముందు కాగితం పెట్టడం నాకు చేత కాలేదు. జల్లి పూర్తయిన రోజు అడుగుతాను.

అంత ఆత్రం ఎందుకని హుస్సేన్ అడిగాడు. మన సగం వల ఆనవాయితీ చెప్పాల్సి వచ్చింది. లాగుడు వల ఒక్కడి సొత్తు కాదు, జోడుది, చెరి సగం అని చెప్పాను. ఇద్దరూ నీళ్లలో దిగే రోజే రెండు సగాలూ కలిపి కుడతారు. ఒకడు ఊరు విడిచి పోతే తన సగం పై తాడు కొసకు తన ముడి వేసి దూలానికి వేలాడదీస్తాడు. ఆ ముడిని వేసినవాడే విప్పాలి. పెండ్లాం విప్పరాదు, అన్నదమ్ములు విప్పరాదు. రెండు సగాలూ కలపకముందే విప్పాడంటే ఆ జోడును వదులుకున్నట్టే, మళ్లీ కలపడం ఉండదు. విప్పనంతకాలం రెండోవాడు వేరే సగం కలుపుకోరాదు. మూడు దసరాలు వల తడవకపోతే ఆ నీళ్ల మీద జోడు వంతు పోతుంది, మా చేపల సంఘం ఇంకొకరికి ఇస్తుంది. ఇదంతా విని హుస్సేన్, ఏంది భై, వలకు గూడ నిఖా, తలాఖ్ పెట్టిన్రా మీరు అన్నాడు. చాయ్ తాగుతున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వాడే, మరి రెండు దసరాలు అయిపాయె గద అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మొదటి దసరాకు నేను కొత్త. రెండో దసరాకు కాంట్రాక్టు నిండలేదు. ఇది మూడోది. ఈసారి రావాలి బావా. పోచంపాడు డ్యాం నీళ్ల కింద మునిగిన మన పాత ఊరు ఎట్లా ఉందో మనిద్దరికి తెలిసినట్టు ఎవరికి తెలుసు. ఎక్కడ వల గోడకు చిక్కుతుందో, ఎక్కడ సాపుగా జారుతుందో తెలియక వేరేవాళ్లు అటు రారు. బడి జాగ నుంచి కళ్లాల దాకా లాగుదాం. కరణం ఇంటి మూల వాలుగ ఉంటుంది. నువ్వు మునిగి చూడకు, నీ చెవి మంచిది కాదు. నేను మునుగుతాను.

గంగన్న నీ వెంట తిరుగుతున్నాడని, జోడు కలుపుమని అడుగుతున్నాడని అక్క రాయించింది. వాడు మంచివాడే. కానీ మెడలోతు నీళ్లలో నిలబడి కూడా ముచ్చట పెడతాడు. చేపలు వాడి గొంతు గుర్తుపట్టి ముందే పోతాయి. వాడు అరుగు మీద ఉంటే ఈ ముక్క గట్టిగా చదువు.

గంగాబాయికి చెప్పు, వల అడుగుకు కట్టే మట్టి గుండ్లు కొత్తవి చేసి కాల్చి పెట్టుమని. పాతవి పగిలి ఉంటాయి. నా సగం దూలం మీద ఉందిగా, ఎలుకలు పట్టకుండా వేపాకు పెడుతున్నదో లేదో కనుక్కో.

ఇక ఉంటాను. డ్యూక్ తిండి వేళ అయింది.

ఇట్లు
నీ బావమరిది
జలంధర్


దోహా, ఖతర్
12 సెప్టెంబరు 1980, శుక్రవారం

పెద్దవాడివైన బావ రాజన్నకు,

జలంధర్ దండాలు. ఇంట్లో అందరికీ, అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ దండాలు. నేను బాగున్నాను. ఉత్తరం తెచ్చిన మనిషే హుస్సేన్. లీవు మీద ఇంటికి వస్తున్నాడు. బోధన్‌లో దిగి, ఒకరోజు చూసుకుని మన దగ్గరికి వస్తానన్నాడు. అక్కతో చెప్పి చేపల పులుసు పెట్టించు. ఇక్కడ నేను వండిన పులుసు తిని, ఇది ఇంజనీర్లు తినే పులుసు, మనుషులు తినేది ఎప్పుడు పెడ్తవు అని రెండేండ్ల నుంచి సతాయిస్తున్నాడు.

గంగాబాయికి చీర గుడ్డ, ఒక టార్చి పంపుతున్నాను. అక్కకు సబ్బులు. నీకు ఒక తాడు ముక్క కాగితంలో చుట్టి ఉంది. తెల్ల నైలాన్ తాడు, సాబు జల్లికి అల్లగా మిగిలింది. వల పనికి వస్తుంది. చుట్టిన కాగితం మీద కొన్ని కొలతలు రాశాను. అవి నువ్వు చూసుకుంటే చాలు, అందరికీ చదివి వినిపించేటివి కావు.

సాబు మొన్న సోమవారం పోయాడు. జల్లిని బట్టల మీద అన్నిటికన్నా పైన పెట్టుకుని పెట్టె మూశాడు. మూసి, మళ్లీ తెరిచి, చేత్తో కన్నులు సాగదీసి చూసి, మళ్లీ మూశాడు. దోస్తు ముందే పోయి చెరువు ఒడ్డున గుడిసె ఊడ్చి పెడతాడట. మొదటిరోజు ఏ వైపు పడవ తిప్పాలో కూడా ఇద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. గాలి ఎటు కొడితే ఎటు పోవాలి, చేప పడకపోతే తర్వాత ఏ చెరువుకు మారాలి, అన్నీ అనుకున్నారు. విమానం దగ్గరికి హుస్సేనే బండిలో తీసుకుపోయాడు. తొవ్వ పొడుగునా సాబు ఈల వేస్తూనే ఉన్నాడట.

మన సంగతికి వస్తాను. ఈ ఏడు వానలు బాగా పడ్డాయని, నీళ్లు కాలనీ దిక్కు గడ్డ దాకా వచ్చాయని రాశావు. అయితే కళ్లాల మీద లోతు సరిపోతుంది. తెప్పలు రెండూ ఒకసారి నీళ్లలో వేసి చూడు, రెండో దాని కట్లు పోయినసారే వదులుగా ఉండేవి. వలను తేల్చే బెండ్లు ఎండలో పెట్టు. దసరా అయిపోయిన మరుసటి వారంలో, గాలి పడ్డ రోజు చూసి, తెల్లారకముందే కదలాలి. బడి జాగ మీదికి పోయాక తెప్పలు విడిపోవాలి. ఒకటి చావడి దిక్కు, ఒకటి కళ్లాల దిక్కు. సాలోళ్ల వాడ మీద వల ఎత్తి దాటించాలి, అక్కడ మగ్గాల గుంజలు ఇంకా నిలబడి ఉంటాయి. అది దాటినాక ఇక చిక్కేది ఏమీ లేదు. కరణం ఇంటి మూల దగ్గర ఆగి, చప్పుడు చేయకుండా, తాడు కొంచెం వదులు చేయాలి. వాలుగ దానంతట అదే బయటికి వస్తుంది.

మొదటిరోజు అంతే. పడ్డది పడ్డంత. రెండోరోజు ఉత్తరం దిక్కు పోవాలి. గుట్ట వెనక మడుగు గుర్తుందా? వాగు నీళ్లు వచ్చి కలిసేచోటు. అక్కడ వల పనికిరాదు, గాలమే వేయాలి. సాబు నాకు గాలాలు నాలుగు ఇచ్చాడు. అవి కూడా హుస్సేన్ దగ్గర ఉన్నాయి. మన గాలం కంటే సన్నవి, కానీ గట్టివి. కప్పపిల్లను గుచ్చి కొర్రమట్టకు వేసి చూడు. ఆ రాత్రి మడుగు ఒడ్డునే జొన్న గటక కాచుకుని, అక్కడే పండుకోవాలి. దోమలకు పిడక పొగ పెట్టుకోవాలి. సాబుకు దోమలకు ఒంటికి రాసుకునే మందు ఉంది. ఆయన కూడా దోమలకు భయపడతాడని తెలిసి నాకు నవ్వొచ్చింది.

మొదటి చేప గంగమ్మకు మర్చిపోవద్దు. మనం కూడా ఒకటి పట్టి మళ్లీ వదులుతాంగదా, సాబుకు ఆ మాట చెబుదామనుకుని మర్చిపోయాను.

గంగాబాయి గుండ్లు కాల్చి, లెక్కపెట్టి, గంపలో సర్ది పెట్టిందని అక్క రాయించింది. మంచి పని చేసిందని చెప్పు. పని మాత్రం నా కంటే సాపుగా చేస్తుంది.

నా టికెట్టు తారీఖు ఇంకా తెలియలేదు. తెలిస్తే రాస్తాను.

అందరికీ మరోసారి దండాలు.

ఇట్లు
నీ బావమరిది
జలంధర్


తా.క. (తాడు చుట్టిన కాగితం మీద)

బావా, ఇవి కొలతలు కావు. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నేను రావడం లేదు.

జల్లి పూర్తయినాక అడుగుదామనుకున్నాను. పూర్తయిన రోజు ఆయన దాన్ని దీపం ముందర పట్టుకుని అంత సంబరపడ్డాడు, ఆ రోజు అడగలేదు. రేపు రేపు అనుకుంటూ జరిపాను. చివరికి పోయే ముందు రోజు సెలవు కాగితం జేబులో పెట్టుకుని చాయ్ తీసుకుపోయాను. నేను నోరు తెరవక ముందే ఆయన తాళంచెవులు నా చేతిలో పెట్టాడు. డ్యూక్‌కు మాంసం ఉడికించి పెట్టు, ఏసీ బంద్ చేయకు, దానికి వేడి పడదు అన్నాడు. సాబ్, నా లీవ్ అన్నాను. నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. నిజంగానే మర్చిపోయాడు బావా, నటించలేదు. మరి డ్యూక్ ఎట్లా అన్నాడు. నా ముఖం చూసి, నేను వచ్చినంక, క్రిస్మస్ దాటినంక పో, ఒక నెల ఎక్కువే ఇప్పిస్తా అన్నాడు.

అప్పటికి కాలువలకు నీళ్లు వదులుతారు. మన గోడలు బయటికి తేలుతాయి. వల మునిగే లోతు ఉండదు. ఆ మాట చెబుదామని నిలబడ్డాను. చేపకు ఒక కాలం ఉంటుందని, అది దాటితే పోయినా పోనట్టేనని ఎండాకాలమంతా నాకు చెప్పింది ఆయనే. అది తన చెరువు ఒక్కదాని సంగతే అనుకున్నాడు. ఆ మాట ఆయనకు ఏ భాషలో చెప్పాలో నాకు తెలియలేదు. యెస్ సాబ్ అన్నాను. చాయ్ కప్పు తీసుకుని వచ్చాను.

అయినా మరునాడు ఆయన పోయినాక కంపెనీ ఆఫీసుకు పోయాను. కాగితం చూసి, సంతకం ఉండాల్సిన చోట వేలు పెట్టి, సైన్ మాఫీ, సఫర్ మాఫీ అన్నాడు అక్కడి మనిషి, సంతకం లేదు, ప్రయాణం లేదు అని. కోపంగా కూడా అనలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. పక్కకు జరిగాను.

హుస్సేన్ నన్ను తిట్టాడు. కుక్క కోసానికి వంతు పోగొట్టుకుంటవా, సంతకం అడుగుమని ఎండాకాలంల చెప్తే ఇన్నవా అన్నాడు. వాడు మీకు ఏమీ చెప్పడు, చెప్పొద్దని నేనే అన్నాను. పులుసు తినేటప్పుడు వాడు తల వంచుకుంటే ఎందుకని అడగకు.

ఇది మూడో దసరా. నా కోసం ఆగితే నీ వంతు కూడా పోతుంది. విప్పుమని నువ్వు ఏ ఉత్తరంలోనూ అడగలేదు. అడగవని తెలుసు. నేనే విప్పుతున్నాను.

గంగన్నను కలుపుకో. వాడి సగం వల చిన్న కన్నుది, నీ దానికి సరిపోయేట్టు నడుమ నా సగంలోంచి ఒక బారెడు కోసి కుట్టండి. మిగిలింది కూడా దూలం మీద ఉంచకు, పాతబడుతుంది, దేనికన్నా వాడు. గుండ్లు మీ వలకు పనికొస్తాయి. ఈ సంగతి గంగాబాయికి దసరా దాటినాక అక్కతో చెప్పించు, నువ్వు చెప్పకు. ఉత్తరంలో రాసినదంతా ఆమె ముందర చదువు. ఆ రెండు రోజుల సంగతి అంత పొడుగ్గా రాసింది అందుకే. గంగన్నకు కూడా పనికొస్తుంది. సాలోళ్ల వాడ మీద ఎత్తి దాటించుడు, కరణం ఇంటి మూల, ఇవన్నీ వాడికి తెలియవు, ఒకసారి ఒట్టి తెప్ప మీద తిప్పి చూపించు. మూల దగ్గర మాట్లాడొద్దని చెప్పు. చెప్పినా మాట్లాడతాడు.

దూలానికి ఉన్న ముడిని ఇక్కడి నుంచి విప్పలేను. ఉత్తరంలో రాస్తే పెద్దమనుషులు ఒప్పుకోరు, చేత్తో విప్పాలి గదా. అందుకని ఈ తాడు మీద నా ముడి వేశాను. వేడి నీళ్లలో నానబెట్టి, ఎండలో రెండు రోజులు ఉంచి, ఇవాళ నా చేత్తోనే విప్పాను. సంఘం ముందర పెట్టు. ఊళ్లో ఎడమచేతి ముడి నాదొక్కటే. ముడి ఉన్నచోట వంపు పోలేదు, ఎడమకే తిరిగి ఉంది. నాదని గుర్తుపట్టాలని సాపు చేయకుండా పంపుతున్నాను.